దూడ పట్టేంత బోను

మా కుక్క పార్టీ మారిందన్న సంగతి నాకు కొండమ్మ టీ బంకు దగ్గర తెలిసింది.

పొద్దున్నే టీ తాగుదామని వెళ్ళాను. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నన్ను చూసి జరిగి చోటిచ్చారు. మామూలుగా మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ జరిగి చోటివ్వరు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"ఏంది శేషగిరన్నా, జిమ్మీ కూడా అటు దూకినట్టేనా?" అన్నాడొకడు.

నాకు అర్థం కాలేదు. కొండమ్మ నవ్వు ఆపుకుంటూ గ్లాసు చేతికిచ్చి, వెనక్కి చూడమని గడ్డంతో సైగ చేసింది. చూశాను. నాగేశ్వరరావు ఇంటి వైపు నుంచి మా జిమ్మీ వస్తోంది. తోక నిటారుగా లేపి, ఊరేగింపులో నడిచినట్టు నడి రోడ్డున నడుస్తోంది. మెడలో వాళ్ళ పార్టీ కండువా. ఎవరో తీరిగ్గా చక్కగా ముడేశారు.

"కండువా కప్పేశారంటే ఇంక అయిపోయినట్టే గదా అన్నా," అన్నాడు ఇంకొకడు. అందరూ ఒక్కసారి నవ్వారు. నేను టీ అక్కడే పెట్టేసి లేచాను. వంగి ఆ కండువా ముడి విప్పి లాగేశాను. జిమ్మీ మాత్రం నా మొహం నాకబోయింది.

నాగేశ్వరరావు ఎవరో చెప్పాలి. వాడు నాకు సొంత మేనత్త కొడుకు. నాకన్నా కొన్ని నెలలు పెద్ద, కాబట్టి బావ. మా ఇంటికీ వాడి ఇంటికీ మధ్య ఒక్క సిమెంటు రోడ్డే అడ్డం. ఆ రోడ్డు కూడా వాడు సర్పంచి అయ్యాక వేయించిందే. దాని మీద అడుగుపెట్టినప్పుడల్లా నాకు చెప్పులో రాయి ఉన్నట్టే ఉంటుంది.

వాడంటే నాకు కుళ్ళు. ఆ మాట దాచుకోవటమెందుకు? చిన్నప్పుడు ఇద్దరం మా వంటింట్లో పక్కపక్కన కూర్చుంటే మా అమ్మ పాలు పెద్ద గ్లాసు వాడికి పెట్టి, చిన్నది నాకు పెట్టేది. నేను ఏడిస్తే, "వాడు ఆడపడుచు కొడుకురా, రేపు మాట పడేది నేను" అనేది. కాలవలో ఈత ముందు వాడికే వచ్చింది. మీసమూ ముందు వాడికే వచ్చింది. చివరికి పంచాయతీ ఎన్నికల్లో చెరో పార్టీ తరఫునా నిలబడితే సర్పంచి పదవీ వాడికే పోయింది. ఆ రోజు వాడి మనుషులు నా గేటు ముందు టపాసులు కాల్చారు. నేను గేటు మూసేశాను. అప్పటి నుంచి మా గడప వాళ్ళు తొక్కలేదు, వాళ్ళ గడప మేము తొక్కలేదు. మాటల్లేవు. చావుకీ పెళ్ళికీ కూడా ఎవరి గుంపులో వాళ్ళమే.

అలాంటి ఇంటికి పోయింది నా కుక్క.

జిమ్మీని మా అమ్మాయి యశస్విని తెచ్చింది. నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదువుతూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఎవరో స్నేహితురాలి ఇంట్లో లాబ్ జాతి కుక్క పిల్లల్ని పెడితే, ఒకదాన్ని చున్నీలో చుట్టుకుని బస్సులో గురజాల దాకా, అక్కడి నుంచి ఆటోలో మా ఊరికి తెచ్చేసింది. నేను మొదట తిట్టాను. తర్వాత అది నా మంచం కింద తప్ప పడుకోనంది. నేను చేలో నుంచి వస్తుంటే బండి చప్పుడు విని గేటు దగ్గర గంతులేసేది. ఊళ్ళో ఎవరు ఎటు పోయినా ఇదొక్కటి పూర్తిగా నాదే అనుకున్నాను.

ఇంట్లో మనిషి ఉన్నంతసేపూ దానంత బుద్ధిమంతురాలు లేదు. ఇల్లు ఖాళీ అయితే మాత్రం పట్టటం బ్రహ్మతరం కాదు. గోడ దూకేది. గోడ ఎత్తు పెంచితే, ఆ ఎత్తు దూకటం నేర్చుకునేదాకా గేటు కింద తవ్వింది. అక్కడ బండలు పాతి, దాన్ని ఇంట్లో పెట్టి తాళమేస్తే వంటింటి కిటికీ జాలీ చించుకుని బయటపడింది. బయటపడ్డాక ఊరు తిరిగినా బాగుండేది. తిన్నగా ఎదురింటికి పోయి వాడి వసారాలో కూర్చునేది. సర్పంచి ఇల్లు గదా, అక్కడ మనుషులకు కరువులేదు. మనుషులున్న చోట అది ఉంటుంది.

కండువా సంగతి ఫోన్లో చెబితే యశస్విని ముందు పడీపడీ నవ్వి, తర్వాత ఆ వారం ఇంటికొచ్చి నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"బోను చేయిద్దాం నాన్నా. బోనంటే జైలు గాదు. దాని గది అనుకో. తలుపు బార్లా తీసిపెట్టి అన్నం లోపలే పెట్టాలి. మెత్తగా పరుపేదన్నా వెయ్యాలి. అదే ఇష్టపడి పోయి పడుకోవాలి. ఆ తర్వాత కాసేపు మూసి తియ్యాలి. తర్వాత ఇంకాసేపు. అట్టా అలవాటైతే మనం బయటికి పోయినా కంగారు పడదు. కోపమొచ్చినప్పుడు మాత్రం దాన్ని అందులోకి తొయ్యమాక."

వెంటనే గురజాల పోయి హబీబుల్లా వెల్డింగ్ షాపులో చెప్పాను. అతను కొలతలు విని, "కుక్కకేనా అన్నా?" అని అడిగాడు.

"కుక్కకే. దూడ పట్టేంత చెయ్యి," అన్నాను. ఎదురింటి వసారాలో నుంచి కనపడాలని నా ఉద్దేశం. నా కుక్కకు నేనేం తక్కువ చెయ్యలేదని వాడికి తెలియాలి. ముక్కుతో కొక్కెం ఎత్తే దొంగది అని చెబితే, హబీబుల్లా తలుపుకు స్ప్రింగు పెట్టి, దానంతటదే టక్కున పడే గడియ బిగించాడు. ఆ గడియ బయట నుంచి నొక్కితే తప్ప రాదు.

బోను వాకిట్లో రేకుల షెడ్డు కింద దింపించాను. మెత్తటి పరుపు మాటకొస్తే, మాది మిరప పండించే ఇల్లు, మా ఇంట్లో గోతాలకు కొదవా? కొట్టులో నుంచి పాత మిరపకాయల గోతాలు మంచివి ఏరి, గోడకేసి బాది దులిపి, మడతలు పెట్టి పరిచాను. చేత్తో ఒత్తి చూశాను. మెత్తగా ఉంది. చుట్టాలొస్తే మా గేటు దగ్గరే తుమ్ములు మొదలుపెడతారు గానీ, మాకు ఏ వాసనా తెలియదు.

జిమ్మీ బోను చుట్టూ తిరిగింది. తలుపుకు ఇటుక అడ్డం పెట్టి అన్నం గిన్నె లోపల పెడితే, సగం ఒళ్ళు బయటే ఉంచి ఒక ముద్ద అందుకుని, బయటికొచ్చి తినేది. మళ్ళీ మెడ చాపి ఇంకో ముద్ద. లోపల కూర్చోమంటే కూర్చునేది కాదు. అమ్మాయి ఓపిక పట్టమంది. నాకు అంత ఓపిక ఎక్కడిది? చేలోకి పోయేముందు పట్టుకుని లోపలికి తోసి తలుపు వేశాను. టక్కుమంది గడియ.

తిరిగొచ్చేసరికి బోను దగ్గర గోల. గోతాలు చింపి పోగులు పెట్టింది. నేను కొత్త గోతాలు పరిచాను. మర్నాడూ అంతే. గడియ తీయగానే నా కాళ్ళ సందులోంచి దూరి, గోడ దూకి, ఎదురింటికి ఉరికేది. ఇదివరకు ఇల్లు ఖాళీ అయితేనే పోయేది. ఇప్పుడు నేనుండగానే, నా కళ్ళముందే పోతోంది. అదీ నాకు బాధ.

కళ్ళెర్రగా, తుమ్ముతూ పోయేది. మొహమంతా తడుపుకుని వచ్చేది.

"వాడు దీనికి కోడికూర కారం పెట్టి మరిగిస్తన్నాడే," అన్నాను సుశీలతో.

"కారం తింటే నోరు మండిద్దిగానీ కళ్ళెందుకు ఎర్రబడతయ్యి?" అంది నా భార్య.

"వాడింటి గాలి తగిలితే కళ్ళేంది, అన్నీ మండుతయ్యి."

"ఏందయ్యా నువ్వు," అని సుశీల లోపలికి పోయింది. మొహం తడి మాటకు నేనే అర్థం చెప్పుకున్నాను. వాళ్ళ గొడ్ల కుడితి తొట్టిలో మూతి పెట్టి ఉంటుంది. నా ఇంట్లో పాలన్నం తినే కుక్క వాడి తొట్లో కుడితి తాగుతోంది!

ఒకరోజు ఉండబట్టలేక డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు చాటు నుంచి చూశాను. వాడు వసారా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చెంబు. జిమ్మీ తల వాడి ఒళ్ళో ఉంది. వాడు వంగి దాని చెవిలో ఏదో చెబుతున్నాడు. చాలాసేపు చెప్పాడు. మధ్యలో నవ్వాడు కూడా. చిన్నప్పుడు కాలవ గట్టున పడుకుని నాకు కబుర్లు చెప్పేటప్పుడు అలాగే నవ్వేవాడు. కుక్కను లాక్కున్నందుకు వాడి మీద కుళ్ళో, వాడి మాటలు వింటున్నందుకు కుక్క మీద కుళ్ళో, అక్కడ నిలబడి ఎంత ఆలోచించినా నాకే తేలలేదు.

కిందికి దిగి అమ్మాయికి ఫోన్ చేశాను.

"నీ మీద బెంగతో ఉంటది నాన్నా. నువ్వు కప్పుకున్న తువ్వాలు, ఉతక్కుండా, లోపల పెట్టు. నీ వాసనుంటే నువ్వున్నట్టే అనుకుంటది," అంది.

ఇది బాగుంది అనుకున్నాను. వాడి కోడికూరకు నా తువ్వాలే జవాబు.

మర్నాడు సుశీల పొద్దున్నే రెంటచింతలలో ఏదో శుభకార్యానికి పోయింది. నేను జిమ్మీని బోనులో పెట్టి చేలోకి పోయి, ఎండ నడినెత్తికొచ్చే వేళకు ఇల్లు చేరాను. గడియ నొక్కగానే షరా మామూలే. గోడ దూకింది, రోడ్డు దాటింది. నేను భుజం మీది తువ్వాలు తీసి చూసుకున్నాను. చెమటతో ముద్దయి ఉంది. ఇంతకన్నా నా వాసన ఇంకెక్కడ దొరుకుతుంది? ఊరికే విసిరేస్తే బయటికి లాగేస్తుందని, లోపలి కొసన ఊచలకు కట్టేద్దామనుకున్నాను. దూడ పట్టేంత బోను గదా, చెయ్యి అందలేదు. మోకాళ్ళ మీద వంగి పాకాను. నేను బక్కవాణ్ణి, సులువుగానే పట్టాను. కాళ్ళు కూడా లోపలికి వచ్చాయి.

వెనక టక్కుమంది.

మొదట నవ్వొచ్చింది. తర్వాత చెయ్యి వెనక్కి పెట్టి తలుపు నెట్టాను. రాలేదు. ఊచల సందులోంచి వేళ్ళు పెట్టి గడియ కోసం తడిమాను. అందలేదు. హబీబుల్లా పని గట్టిదే. చెప్పింది చెప్పినట్టు చేశాడు.

ఈ గింజులాటలో గోతాల మీద బోర్లా పడ్డాను. మొహం వాటికి తగిలింది. నా జీవితమంతా మిరపకాయల మధ్యే బతికాను. కోశాను, ఎండబెట్టాను, తొక్కాను, మోశాను. కానీ ఎండకు కాలిన రేకుల కింద, కదలటానికి లేని చోట, ఆ గోతంలో ముక్కు పెట్టి ఎప్పుడూ పడుకోలేదు. ఒక్క తుమ్ముతో మొదలైంది. ప్రతి తుమ్ముకీ గోతంలో నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. కళ్ళు మండాయి. రుద్దుకుంటే ఇంకా మండాయి. గొంతు పట్టేసింది. ఊచలు పట్టుకుంటే చేతులు కాలాయి.

అప్పుడు అర్థమైంది. చించిన గోతాలు, సగం ఒళ్ళు బయట పెట్టి తిన్న ముద్దలు, ఎర్రటి కళ్ళు. నేను వాడింట్లో వెతికిన కారం నా బోనులోనే ఉంది. నేనే బాది, దులిపి, మడతపెట్టి పరిచాను. జిమ్మీ తిట్టలేదు, చెప్పలేదు, తలుపు తీసినప్పుడల్లా పారిపోయింది. అంతే.

"ఎవురయ్యా అక్కడ!" అని అరిచాను. ఆ ఎండలో రోడ్డు మీద ఎవరుంటారు? పక్కింటి వాళ్ళను పేరుపెట్టి పిలిచాను. పలకలేదు. కేకేస్తే వినపడేంత దూరంలో మనుషులున్న ఇల్లు ఒక్కటే ఉంది. వాణ్ణి చచ్చినా పిలవకూడదనుకున్నాను. ఇంకో నాలుగు తుమ్ములు వచ్చాయి. ఊపిరి అందలేదు.

"బావా!"

నేను పిలవలేదు, నా నోరే అరిచింది. ఎన్నికల తర్వాత ఆ మాట నా నోట్లోంచి రావటం అదే మొదలు.

ముందు జిమ్మీ వచ్చింది. గోడ దూకి, బోను చుట్టూ తిరుగుతూ మొరుగుతోంది. తర్వాత గేటు దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. కళ్ళు తెరవలేకపోయినా అది ఎవరి నడకో నాకు తెలుసు.

"ఏరా, రానా లోపలికి?" అన్నాడు నాగేశ్వరరావు.

ఆ పరిస్థితిలో కూడా అడుగుతున్నాడు, చూశారా.

"చావమంటావా నన్ను? రా!"

గేటు తీసిన చప్పుడైంది. వచ్చాడు. బోను ముందు ఒక్క క్షణం ఆగాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. గడియ నొక్కి, నా కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగాడు. నేను కళ్ళు రుద్దుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"రుద్దమాక, ఇంకా మండిద్ది. మొహం పైకెత్తు."

కుళాయి దగ్గర కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు పోశాడు. కంటి కొసన ధారగా, తొందర లేకుండా. ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను. ఆ చెయ్యి ఆ పనికి బాగా అలవాటు పడ్డ చెయ్యి. కళ్ళు తెరిచి చూస్తే చెంబు వాడి ఇంటిదే. చేతిలో పట్టుకునే వచ్చాడు.

"దానికీ ఇట్టాగే కడుగుతన్నావా?" అన్నాను.

"రోజూ."

"అయితే నీకు తెలుసు."

"కళ్ళు చూస్తే తెలవదా? మిరప గోతమని మొదటిరోజే తెలిసింది."

"మరి చెప్పలేదే?" లేచి నిలబడ్డాను. "నా మీద కోపముంటే నా మీద చూపియ్యి. నోరులేని దాని కళ్ళు పోతే ఏం జేసేవాడివి? నువ్వు మనిషివేనా?"

వాడు చెంబులో మిగిలిన నీళ్ళు పారబోసి, చెంబు లోపలికి చూస్తూ నిలబడ్డాడు. సర్పంచిగా మైకు పట్టుకుంటే వదలని మనిషి, ఆ ఒక్క మాటకు చాలాసేపు తీసుకున్నాడు.

"చెబితే గోతాలు తీసేస్తావు," అన్నాడు చివరికి. "తీసేస్తే అది రాదు. మీ ఇంట్లోంచి మా గడప తొక్కేది అదొక్కటే గదరా. చేసింది తప్పే. నాకు తెలుసు."

నేను తిట్టటానికి నోరు తెరిచాను. చాలా మాటలు పోగేసి ఉంచుకున్నాను, ఎన్నికలప్పటి నుంచీ. ఒక్కటీ రాలేదు. గోతాలు పరిచింది నువ్వేగా అని వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

వాడు వంగి బోనులోంచి గోతాలన్నీ లాగి, బయటికి తీసుకుపోయి, దుమ్ము లేవకుండా చుట్టి దూరంగా పెట్టాడు. కండువా తన మనుషులు కుర్రతనంతో కట్టారనీ, తనకు తెలియదనీ గేటు దగ్గర ఆగి చెప్పాడు. వెళ్ళిపోయాడు. జిమ్మీ గేటు దాకా వాడితో పోయి, నా వైపు చూసి, అక్కడే కూర్చుంది.

సుశీల వచ్చాక ఇద్దరం బోను కడిగాం. ఎండలో ఆరబెట్టి, నా పాత నూలు పంచెలు మడిచి పరిచాం. ఈసారి ముందు నేనే తల లోపల పెట్టి గట్టిగా ఊపిరి పీల్చి చూశాను. సుశీల తలుపు పట్టుకుని నిలబడింది. ఈసారి తొయ్యలేదు. తలుపు పడకుండా ఇటుక అడ్డం పెట్టి, దూరంగా మంచం మీద కూర్చున్నాను. జిమ్మీ వాసన చూసింది, ఒక కాలు పెట్టింది, తీసింది. ఆ సాయంత్రానికి లోపల చుట్టచుట్టుకుని పడుకుంది. అమ్మాయి చెప్పినట్టు కొంచెం కొంచెంగా మూసి తీశాం. వారం తిరిగేసరికి మేము ఇల్లు వదిలి పోయి వచ్చినా నిద్ర లేవటం లేదు. తలుపు తీసి ఉంచినా గోడ వైపు చూడటం లేదు.

నేను గెలిచాను. టీ బంకు దగ్గరికి ఛాతీ విరుచుకుని పోయాను. "జిమ్మీ సొంత గూటికి వచ్చేసిందంటగా," అన్నాడొకడు. టీ రెండు గ్లాసులు తాగాను.

ఇంటికొచ్చి డాబా ఎక్కి ఎదురింటి వైపు చూశాను, వాడి మొహం ఎలా ఉందో చూద్దామని. వసారా మెట్టు మీద కూర్చున్నాడు. చుట్టూ మనుషులున్నారు, ఏవో అర్జీలు చెబుతున్నారు. వాడు వింటున్నట్టు తలాడిస్తూ మా గోడ వైపు చూస్తున్నాడు. పక్కన చెంబు నిండా నీళ్ళున్నాయి.

ఇది చూసి సంతోషపడదామనే నేను ఎక్కింది. కాసేపు ప్రయత్నించాను కూడా.

కిందికి దిగి, గేటు రెండు తలుపులూ బార్లా తీసి, రోడ్డు మీదికి వినపడేట్టు అరిచాను.

"కాఫీ తాగుతావా, లేకపోతే మేళాలు పంపమంటావా?"

వసారాలో మాటలు ఆగిపోయాయి. వాడు చెప్పులేసుకుని, అందరినీ అక్కడే వదిలేసి, రోడ్డు దాటి వచ్చాడు. జిమ్మీ బోనులోంచి తూటాలా దూసుకొచ్చి వాడి మీదికి ఎగిరింది. ముందరి కాళ్ళు వాడి ఛాతీ మీద పెట్టి, మొహమంతా నాకింది. నాకు అన్నం పెడితే కూడా అంత నాకదు. నా కడుపు భగ్గుమంది. భగ్గుమననీ అనుకున్నాను.

సుశీల కాఫీ తెచ్చింది. పళ్ళెంలో రెండు గ్లాసులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆమె ఏమీ ఆలోచించలేదు, చేతికందినవి తెచ్చింది. వాడు చిన్నదాని మీద చెయ్యి వేశాడు. నేను వాడి చెయ్యి పక్కకు నెట్టి, పెద్ద గ్లాసు వాడి ముందు పెట్టాను.

"తాగు. మా అమ్మ లేచొచ్చి తిడతది," అన్నాను.

వాడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తల వంచుకున్నాడు. మంచం ముందు, మా ఇద్దరి మధ్య, జిమ్మీ అడ్డంగా పడుకుంది. తల వాడి పాదం మీద, తోక నా పాదం మీద.

ఊగేది తోకే కదా అని నేను సర్దిచెప్పుకున్నాను.